ఏడాదికి అయిదు మిల్లీమీటర్ల మేత

ఒక శిలీంధ్రమూ, దాని పోగుల మధ్య చోటు చేసుకున్న శైవలమూ కలిసి బతికితే ఏర్పడే జీవి లైకెన్. శైవలం ఎండను పట్టుకుని తిండి తయారుచేస్తుంది. శిలీంధ్రం తేమను నిలిపి, గూడు కట్టి, ఆ తిండిలో వాటా తీసుకుంటుంది. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు లైకెనే. బడి ప్రయోగశాలలో ఆమ్లాన్నీ క్షారాన్నీ తేల్చి చెప్పే లిట్మస్ రంగు కూడా లైకెన్ల నుంచి తీసిందే. మన దగ్గర బండల మీదా చెట్ల బెరడు మీదా పెచ్చులుగా కనిపించే ఈ జీవి, ఆర్కిటిక్ టండ్రాలో చెట్లు లేని మైదానాలను కనుచూపు మేర కప్పేస్తుంది. తెల్లగా, బూడిదరంగుగా, లేత పసుపుగా కనిపించే ఆ పరుపే కారిబూ మందలకు శీతకాలపు ఆధారం.

కారిబూ, రెయిన్‌డీర్ ఒకే జాతి. ఉత్తర అమెరికాలో అడవి జంతువులుగా తిరిగే మందలను కారిబూ అంటారు. యూరప్, ఆసియా ఉత్తర ప్రాంతాల్లో ఉండేవాటినీ, కాపరులు సాకేవాటినీ రెయిన్‌డీర్ అంటారు. తెలుగు పుస్తకాల్లో ధ్రువపు జింక ఇదే. ఈ జంతువు ఇష్టంగా తినే లైకెన్లలో క్లాడోనియా ప్రజాతివి ముఖ్యమైనవి. క్లాడోనియా రాంజిఫెరినా, క్లాడోనియా స్టెల్లారిస్ వంటివి నేల మీద చిట్టి పొదల్లా కొమ్మలు వేస్తూ పెరుగుతాయి. వీటికి వేళ్లు లేవు. వానా, పొగమంచూ, గాలిలో కొట్టుకొచ్చే ధూళీ వీటికి దక్కే పోషణ. తడిగా ఉన్నంతసేపే పెరుగుదల. ఆరిపోతే అన్నీ ఆపుకుని ఎదురుచూస్తాయి. ఈ రకాల కాండం మీద సాధారణంగా ఏడాదికొక పంగ చీలుతుంది కాబట్టి పంగలు లెక్కపెట్టి వయసు అంచనా వేయవచ్చు. అలా లెక్కపెట్టి చూస్తే ఏడాదికి 3 నుంచి 5 మిల్లీమీటర్లకు మించిన ఎదుగుదల అరుదు. పైభాగం పెరుగుతుంటే అడుగుభాగం చనిపోయి కుళ్లుతూ ఉంటుంది. జానెడు కూడా లేని లైకెన్ పొర వెనుక కొన్ని దశాబ్దాల కాలం ఉంటుంది.

ఇంత మెల్లగా పెరిగేదాన్ని మేతగా నమ్ముకోవడానికి కారణం ఉంది. టండ్రాలో వేసవి కొద్ది వారాలే. ఆ కాలంలో కారిబూలు విల్లో ఆకులు, గడ్డి, తుంగ, పూల మొగ్గలు తిని ఒళ్లు చేస్తాయి. శరత్కాలం గడిచేసరికి ఆ పచ్చదనమంతా ఎండిపోతుంది. లైకెన్ మాత్రం మంచు కింద కూడా వేసవిలో ఉన్నట్టే ఉంటుంది. ప్రధాన భూభాగపు టండ్రా మందలకు శీతకాలపు మేతలో సగానికి మించి లైకెన్లే. వీటిలో పిండిపదార్థాలు దండిగా ఉంటాయి. మాంసకృత్తులు మాత్రం ఎండు బరువులో నూటికి రెండు మూడు పాళ్లే. అంటే ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి పనికొస్తుందిగానీ కండ పెంచడానికి చాలదు. ఆ లోటు పూడ్చుకోవడానికి కారిబూ తన ఒంట్లో తయారైన యూరియాను మూత్రంగా వదిలేయకుండా తిరిగి జీర్ణాశయానికి పంపుతుంది. అక్కడి సూక్ష్మజీవులు అందులోని నత్రజనితో మళ్లీ మాంసకృత్తులు తయారుచేస్తాయి.

లైకెన్లు రక్షణ లేని జీవులేమీ కావు. వీటిలోని అస్నిక్ ఆమ్లం చాలా జంతువులకు పడదు. 2004లో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో నేల మీది లైకెన్ తిన్న ఎల్క్ జింకలు వందల్లో నేలకొరిగాయి. అదే ఆమ్లం రెయిన్‌డీర్‌ను ఏమీ చేయదు. దాని రూమెన్‌లో, అంటే నెమరువేసే జంతువులకుండే పెద్ద జీర్ణాశయంలో, ఆ ఆమ్లాన్ని తట్టుకునే బాక్టీరియా ఉన్నట్టు నార్వే పరిశోధకులు గుర్తించి 2008లో ప్రకటించారు. ఇంకెవరూ పెద్దగా ముట్టని మేతను తనదిగా చేసుకోవడమే ధ్రువపు జింక అంత ఉత్తరాన బతకడానికి దారి చూపింది. ఈ బంధానికి మరో ముఖం కూడా ఉంది. వేళ్లు లేని లైకెన్ గాలిలో వచ్చే ప్రతిదాన్నీ పీల్చి దాచుకుంటుంది. 1950లు, 60లలో అణుపరీక్షల ధూళి, 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం నుంచి వచ్చిన రేడియోధార్మిక సీజియం లైకెన్లలో చేరాయి. అక్కడి నుంచి జింక మాంసంలోకి, ఆ మాంసమే ఆధారమైన అలాస్కా, స్కాండినేవియా మూలవాసుల ఒంట్లోకి వెళ్లాయి.

మంచు కప్పిన నేల మీద కారిబూ వాసన పట్టి, ముందరి గిట్టతో మంచును తవ్వి గుంట చేస్తుంది. అందులో మూతి పెట్టి లైకెన్ పైభాగాన్ని కొరుకుతుంది. గుంట గుంటకూ శ్రమ ఉంది. ఒక జింక తవ్విన గుంటను మరో బలమైన జింక లాక్కోవడమూ మామూలే. మంచు మరీ లోతుగా ఉన్నచోట, పైన గట్టిపడ్డచోట తవ్వడం గిట్టుబాటు కాక మంద ముందుకు కదులుతుంది. దాంతో ఒక మైదానంలో ఏ శీతకాలంలోనైనా తవ్వబడేది కొంత భాగమే. మిగతాదంతా మంచు చాటున భద్రం. మంచు మేతను దాచి పొదుపుగా వాడిస్తుందని చెప్పవచ్చు. చలికి బిగిసిన నేల మీద మెత్తటి మంచు పొర ఉన్నందువల్ల గిట్టల దెబ్బ కూడా తక్కువే తగులుతుంది. పైభాగం మాత్రమే పోయి అడుగున ప్రాణమున్న భాగం మిగిలితే లైకెన్ మళ్లీ కొమ్మలు వేస్తుంది. మరీ దట్టంగా ముదిరిన పొరలో పెరుగుదలా కుళ్లడమూ సరిసమానమవుతాయి కాబట్టి, తేలికపాటి మేత తర్వాత మధ్యస్థంగా మిగిలిన పొరే ఏటా ఎక్కువ కొత్త మేతనిస్తుంది.

వేసవిలో సంగతి వేరు. ఎండలో ఆరిన లైకెన్ పెళుసుగా ఉండి అడుగు పడితే పొడి అవుతుంది. వేల గిట్టలు ఒకే దారిలో నడిస్తే మూతి పెట్టని చోట కూడా పరుపు నుగ్గునుగ్గవుతుంది. వేసవిలో జింకకు అసలు కావాల్సింది పచ్చి ఆకు. అయినా దాని నడక వల్ల లైకెన్‌కు జరిగే నష్టం, శీతకాలంలో అది తినడం వల్ల జరిగే నష్టాన్ని మించిపోగలదు. మేత ప్రభావం గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని జింకలు అన్నదానితో పాటు ఏ కాలంలో, ఎంతసేపు అన్నది కూడా తప్పనిసరిగా చూడాలి. మందల సంఖ్యను మాత్రమే చూసి నేల ఆరోగ్యాన్ని అంచనా వేసే లెక్కలు తప్పేది ఇక్కడే. నుగ్గయిన ముక్కల్లో కొన్ని గాలికి కొట్టుకుపోయి తేమ ఉన్నచోట మళ్లీ మొలకెత్తినట్టు పెరుగుతాయి. లైకెన్ వ్యాపించే దారుల్లో ఇదొకటి. కానీ ఏటా అదే నేల నలిగితే ఆ ముక్కలు కుదురుకునే వ్యవధి ఉండదు.

జింకలు పెరిగే వేగానికీ లైకెన్ పెరిగే వేగానికీ మధ్య ఉన్న దూరం ఎంతటిదో బేరింగ్ సముద్రంలోని సెయింట్ మాథ్యూ ద్వీపం చూపించింది. అలాస్కా తీరానికి చాలా దూరంగా, మనుషులు లేని 332 చదరపు కిలోమీటర్ల దీవి అది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా కోస్ట్‌గార్డ్ అక్కడ ఓడలకూ విమానాలకూ దారి చూపే రేడియో కేంద్రం నడిపింది. సిబ్బందికి ఆహారం అందకుండా పోయే ప్రమాదం వస్తే పనికొస్తాయని 1944లో 29 రెయిన్‌డీర్లను తెచ్చి వదిలింది. వాటిలో 24 ఆడవి, 5 మగవి. యుద్ధం ముగిసింది, సిబ్బంది వెళ్లిపోయారు, జింకలు ఉండిపోయాయి. దీవిలో తోడేళ్లు లేవు. అంతకుముందు ఏ జింకా మేయని లైకెన్ పరుపు కొన్నిచోట్ల పది సెంటీమీటర్ల మందాన ఉంది.

జీవశాస్త్రవేత్త డేవిడ్ క్లైన్ 1957లో అక్కడికి వెళ్లేసరికి జింకలు 1,350 అయ్యాయి. అంటే సుమారు రెండున్నర ఏళ్లకోసారి మంద రెట్టింపవుతూ వచ్చింది. జింకలు బలిసి నిగనిగలాడుతున్నాయి. అయితే శీతకాలపు మేతగా వాడుకున్న చోట్ల లైకెన్ చిట్లి, చిరిగి, పలచబడుతున్న జాడలు అప్పటికే ఆయన కంటపడ్డాయి. 1963లో మళ్లీ వెళ్లినప్పుడు మంద 6,000కు చేరింది. చదరపు కిలోమీటరుకు 18 జింకలు. ఆ ఆరేళ్లలో పెద్ద ఆడజింకల సగటు బరువు 38 శాతం, మగవాటిది 43 శాతం పడిపోయాయి. శీతకాలపు నేలల్లో లైకెన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వేసవి మేతకు లోటు లేదు కాబట్టి పిల్లలు పుడుతూనే ఉన్నాయి. మంద ఎదుగుదలను వేసవి నడిపించింది, దాన్ని నిలబెట్టాల్సిన శీతకాలపు నిల్వ అప్పటికే అయిపోయింది.

1963-64 శీతకాలం విపరీతమైన మంచుతో వచ్చింది. క్లైన్ 1966లో తిరిగి వెళ్లినప్పుడు దీవి నిండా ఎముకలున్నాయి. బతికున్న జింకలు 42. వాటిలో ఒకే ఒక్కటి మగది, అదీ కొమ్ములు సరిగా ఎదగనిది. పిల్లలు ఒక్కటీ లేవు. 1980ల నాటికి ఆ దీవిలో రెయిన్‌డీర్ అన్నదే లేకుండా పోయింది.

ఈ కథను జనాభా విస్ఫోటనానికి ఉదాహరణగా ఎన్నో పాఠ్యపుస్తకాలు చెబుతాయి. లైకెన్ వైపు నుంచి చెప్పేవి తక్కువ. జింకలు పోయాక ఏం జరిగిందన్నది అంతకన్నా విలువైన సమాచారం. పక్కనే ఉన్న హాల్ దీవి మీద రెయిన్‌డీర్ ఎప్పుడూ మేయలేదు. అక్కడి పరుపుతో పోల్చి చూస్తే 1985లోనూ, 2005లోనూ సెయింట్ మాథ్యూ లైకెన్ ఎంత కోలుకుందో తెలుస్తుంది. నలభై ఏళ్లు దాటినా అది హాల్ దీవిలో ఉన్నదానిలో సుమారు పదోవంతే ఉంది. త్వరగా పెరిగే చిన్న రకాలు ముందు వచ్చాయి. ఒకప్పుడు పరుపుకు బలంగా నిలిచిన దట్టమైన రకాలు వెనకబడ్డాయి. ఆ దశాబ్దాల్లో అక్కడి వాతావరణం వేడెక్కి, లైకెన్‌కు అవసరమైన చల్లటి తేమ తగ్గడం కూడా ఆలస్యానికి కారణమని క్లైన్, ఆయన సహ రచయిత 2009లో వివరించారు.

ఇదే వరస ఇతర దీవుల్లోనూ కనిపించింది. అలాస్కాకే చెందిన ప్రిబిలాఫ్ దీవుల్లోని సెయింట్ పాల్‌కు 1911లో 25 రెయిన్‌డీర్లను తెచ్చారు. 1938కి రెండు వేలు దాటాయి, 1950 నాటికి ఎనిమిది మిగిలాయి. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్‌లో బ్రోగర్ ద్వీపకల్పం ఉంది. భారతదేశం 2008లో ప్రారంభించిన హిమాద్రి పరిశోధన కేంద్రం ఉన్న నీ-ఒలేసున్ ఈ ద్వీపకల్పం మీదిదే. వేటవల్ల అక్కడ అంతరించిన రెయిన్‌డీర్‌ను 1978లో తిరిగి ప్రవేశపెట్టారు. పన్నెండు జింకలతో మొదలైన మంద 1993కి సుమారు 360 అయింది. మరుసటి శీతకాలంలో వాన పడి గడ్డకట్టి నేలను మూసేయడంతో కుప్పకూలింది. ఈలోగా అక్కడి పొదలాంటి లైకెన్లు బాగా తగ్గిపోయాయి. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. లైకెన్ పోయాక కూడా కొన్ని జింకలు గడ్డి, నాచు, ఇతర చిన్న మొక్కల మీద నెగ్గుకొచ్చాయి. స్వాల్‌బార్డ్ జింకలూ, కెనడా ఉత్తర దీవుల్లోని పియరీ కారిబూలూ పెద్దగా లైకెన్ లేకుండానే శీతకాలం దాటగలవు. జింక ఉన్న ప్రతిచోటా లైకెన్ తప్పనిసరి అనుకోవడం సరికాదు.

దీవులకు సముద్రం హద్దు. ప్రధాన భూభాగంలో మనుషులు గీసిన హద్దు అదే పని చేసింది. స్కాండినేవియా ఉత్తరాన సామీ కాపరులు తరతరాలుగా శీతకాలంలో లోపలి పీఠభూములకూ, వేసవిలో తీరాలకూ మందలను తోలుకెళ్లేవారు. 1852లో నార్వేకూ అప్పట్లో రష్యా ఏలుబడిలో ఉన్న ఫిన్లాండ్‌కూ మధ్య సరిహద్దును మందల రాకపోకలకు మూసేశారు. 1950లలో సరిహద్దు వెంబడి కంచె కూడా లేచింది. నార్వే వైపు ఆ నేలలు ప్రధానంగా శీతకాలపు మేతకే ఉండిపోయాయి. ఫిన్లాండ్ వైపు మందలు వేసవిలో కూడా అక్కడే తిరిగాయి. ఆ తేడా ఉపగ్రహ చిత్రాల్లో గీత గీసినట్టు కనిపిస్తుంది. నార్వే వైపు లైకెన్ పరుపుతో తెల్లగా, ఫిన్లాండ్ వైపు గిట్టల కింద నలిగి ముదురు రంగులో. రెండువైపులా ఒకే మట్టి, ఒకే వాన, ఒకే చలి. మేసే కాలం ఒక్కటే మారింది. మేత ప్రభావాన్ని వేరుచేసి చూపడానికి ఇంతకన్నా పెద్ద ప్రయోగం ఎవరూ కావాలని చేయలేరు.

ఆ రంగు తేడా కంటికి కనిపించేదానితో ఆగదు. లేతరంగు లైకెన్ ఎండను చాలావరకు వెనక్కి తిప్పికొడుతుంది. ఆరిన పరుపు వేడిని కిందికి దిగనివ్వదు. అది పోయాక బయటపడిన ముదురు నేల వేసవిలో ఎక్కువ వేడెక్కుతుంది, మట్టిలోని సేంద్రియ పదార్థం త్వరగా కుళ్లుతుంది, దాంతో మొక్కలకు నత్రజని దొరుకుతుంది. జింకల పేడ, మూత్రం కూడా తోడవుతాయి. ఈ మార్పులన్నీ కలిసి లైకెన్‌కు ప్రతికూలమూ గడ్డికి అనుకూలమూ అవుతాయి. పర్యావరణ శాస్త్రవేత్త రెనే వాన్ డెర్ వాల్ 2006లో దీన్ని ఒక వరుసగా వివరించారు. మేత పెరిగేకొద్దీ టండ్రా లైకెన్ దశ నుంచి నాచు దశకు, అక్కడి నుంచి గడ్డి దశకు మారుతుంది. గడ్డి దశలో వేసవి మేత సమృద్ధిగా ఉంటుంది కాబట్టి ఎక్కువ జింకలు బతకగలవు కూడా. అందుచేత దీన్ని క్షీణత అనాలా, ఒక స్థితి నుంచి మరో స్థితికి మార్పు అనాలా అన్న ప్రశ్న ఆయన లేవనెత్తారు. వేసవి మాత్రమే చూస్తే మార్పు అనవచ్చు. ఫిబ్రవరిలో మీటరు మంచు కింద ఏం దొరుకుతుందని అడిగితే, లైకెన్ మీదే బతికే మందకు అది క్షీణతే.

అంతంత పెద్ద కారిబూ మందలూ లైకెన్ పరుపులూ వేల ఏళ్లుగా కలిసి ఎలా ఉన్నాయన్నదానికి వాటి నడకలో జవాబుంది. ఏటా వందల కిలోమీటర్లు తిరిగే మంద ఒక నేలను మేసి, కొన్నేళ్లపాటు మరోవైపు శీతకాలం గడిపి, వదిలిన నేలకు విరామం ఇస్తుంది. మందలు కూడా ఒకే తీరున ఉండవు. కొన్ని దశాబ్దాల పాటు పెరిగి, తర్వాత తరుగుతాయి. కెనడాలోని క్యూబెక్, లాబ్రడార్‌లలో జార్జ్ నది మంద దీనికి పెద్ద ఉదాహరణ. ఆ మంద నడిచే దారుల్లో నేల పైకి తేలిన స్ప్రూస్ చెట్ల వేళ్ల మీద గిట్టల దెబ్బల మచ్చలుంటాయి. వేరు వలయాలతో ఆ మచ్చల ఏడాదిని గుర్తించి, లెక్కలు లేని కాలంలో కూడా మంద ఎప్పుడు పెరిగిందో ఎప్పుడు తగ్గిందో పరిశోధకులు తేల్చారు. 1990ల మొదట్లో దాదాపు 8 లక్షలుగా ఉన్న ఈ మంద 2010కి 74,000కు, 2018కి 5,500కు పడిపోయింది. మంద గరిష్ఠ స్థాయిలో ఉన్నప్పుడు వేసవి నేలల మీద లైకెన్ తొక్కుడుకు నాశనమైంది, పొట్టి బర్చ్ పొదలు కూడా బోసిపోయాయి. తగ్గుదలకు మేత కొరత ఒక కారణం. వేట, తోడేళ్లు, వాతావరణం వంటివీ దానితో పెనవేసుకుని ఉన్నాయి.

లైకెన్ తగ్గిన ప్రతిచోటా నేరం జింకదే అనడానికీ లేదు. వాయవ్య అలాస్కాలో పశ్చిమ ఆర్కిటిక్ మంద 2003లో 4,90,000 ఉండేది, 2023కి 1,52,000 అయింది. ఆ మంద తిరిగే నేలల్లో లైకెన్ తగ్గడానికి మేతతో పాటు కార్చిచ్చులూ, వేడెక్కే వాతావరణమూ, గడ్డీ పొదల పోటీ కూడా కారణమని 2009లో అక్కడి పరిశోధకులు తేల్చారు. మంటలో లైకెన్ పూర్తిగా కాలిపోతుంది. కాలిన నేల మీద జింకకు ఇష్టమైన రకాలు మందంగా రావడానికి యాభై ఏళ్లు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఇక టండ్రా వేడెక్కేకొద్దీ విల్లో, బర్చ్ పొదలు ఏపుగా లేస్తున్నాయి. వాటి నీడా, రాలిన ఆకులూ లైకెన్‌ను కప్పేసి చంపుతాయి. అక్కడే జింక మేతకు మరో పాత్ర వస్తుంది. వేసవిలో ఆ పొదల లేత ఆకులు తినేది జింకే కాబట్టి మేత ఉన్నచోట పొదలు పొట్టిగా, పలచగా ఉంటాయి. కంచె వేసి జింకలను రానివ్వని ప్రయోగ చదరాల్లో మొదట లైకెన్ తేరుకుంటుంది. వేడి, తేమ ఉన్నచోట కాలక్రమంలో పొదలు లేచి మళ్లీ దాన్ని మింగే అవకాశమూ ఉంది. లైకెన్‌ను తినే జంతువే లైకెన్ శత్రువును అదుపులో పెడుతోంది. ఈ రెండింటిలో ఏది పైచేయి అన్నది చోటును బట్టి, ఏడాదిలో జింకలు అక్కడ ఉండే కాలాన్ని బట్టి తేలుతుంది.

శీతకాలాలు కూడా మారుతున్నాయి. మంచు మీద వాన పడి గడ్డకడితే నేల మీద అద్దంలాంటి పెచ్చు ఏర్పడుతుంది. దాని కింద లైకెన్ ఎంత ఉన్నా గిట్ట దిగదు. 2013 నవంబరులో రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో అలా జరిగి, ఆ శీతకాలంలో నెనెత్స్ కాపరుల రెయిన్‌డీర్లు సుమారు 61,000 చనిపోయాయి. గడ్డమంచు లేనిచోటికి మందలన్నీ తరలితే ఆ కొద్ది నేల మీద మేత ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. మార్గమధ్యంలో గ్యాస్ పైపులైన్లు, గనులు, రోడ్లు, రైలుమార్గాలు ఉంటే అలా తరలడమే కష్టమవుతుంది.

కోలుకునే వేగం అన్నిచోట్లా సెయింట్ మాథ్యూలో లాగా లేదు. నార్వేలోని ఫిన్‌మార్క్ పీఠభూమిలో 1970ల నుంచి 90ల దాకా మందలు పెరిగి లైకెన్ నేలలు కుంచించుకుపోయాయి. ఉపగ్రహ చిత్రాల్లో ఆ తెల్లటి మచ్చలు ఏటికేడు కరిగిపోయాయి. జింకల సంఖ్య తగ్గిన తర్వాత చాలాచోట్ల పరుపు ఊహించినదానికన్నా త్వరగా తిరిగొచ్చింది. అక్కడ నేల మీద ప్రాణమున్న లైకెన్ ముక్కలు మిగిలి ఉన్నాయి, చుట్టుపక్కల ఇంకా మందపాటి పరుపులున్నాయి, వేసవిలో ఆ నేల మీదికి మందలను రానివ్వలేదు. పూర్తిగా నున్నగా అయిన నేలకూ, అడుగున రెండు సెంటీమీటర్ల లైకెన్ మిగిలిన నేలకూ మధ్య తేడా దశాబ్దాల్లో ఉంటుంది. అందుకే స్కాండినేవియాలో లైకెన్ ఎత్తును క్రమం తప్పకుండా కొలుస్తారు. స్వీడన్‌లో కాలిన నేలల మీదా, చెట్లు నరికిన నేలల మీదా లైకెన్ ముక్కలను వేరేచోటి నుంచి తెచ్చి చల్లే ప్రయోగాలు కూడా జరిగాయి. చల్లిన ముక్కలు నిలదొక్కుకుంటాయి, కొత్త కొమ్మలు వేస్తాయి. అవి తిరిగి శీతకాలపు మేతకు పనికొచ్చేంత మందం అయ్యేదాకా ఆ నేల మీద జింకల అడుగు పడకుండా ఎన్నో ఏళ్లు కాపాడాలి.